కొత్త క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి ఆడటం లేదా? ఇలా దారికి తెచ్చుకోండి

పక్క కుర్చీలో ఇంటాయన కూర్చుని ఉన్నాడు. తిరుచానూరు రోడ్డు వైపు ఆయన స్థలం 24 అడుగుల ముఖం, 36 అడుగుల లోతు. అంకణానికి 36 చదరపు అడుగులనే మా తిరుపతి లెక్కలో సరిగ్గా 24 అంకణాలు. ప్లాను దాదాపు అయిపోయింది. "వంటిల్లు ఇంకొక్క అడుగు పెంచు సామీ, ఇంట్లో గొడవ పెడతా ఉండారు" అన్నాడు. నిమిషం పని. పదిహేనేళ్లుగా రోజుకు పదిసార్లు చేస్తున్నదే. స్ట్రెచ్ కొట్టి, కుడి నుంచి ఎడమకి పెట్టె లాగి గోడను పట్టుకుని, పన్నెండు అంగుళాలు జరిపితే సరి.

కానీ ఆ వారమే కొత్త క్యాడ్ సాఫ్ట్‌వేర్‌కి, అంటే కంప్యూటర్ మీద ప్లాన్లు గీసేదానికి, మారాను. మౌస్ నొక్కిపట్టి లాగితే పెట్టె రావాల్సిన చోట ఉచ్చులాంటి వంకర గీత ఒకటి కర్సర్ వెంటే పాక్కుంటూ పోయింది. సగం గోడ, రెండు కిటికీలు, మెట్లలో ఒక ముక్క అందులో చిక్కుకున్నాయి. ఎస్కేప్ కొట్టి మళ్లీ లాగాను. మళ్లీ ఉచ్చే. పైన బొమ్మల పట్టీ, అదే రిబ్బన్‌లో స్ట్రెచ్ బొమ్మ ఎక్కడుందో వెతుకుతూ ఉండిపోయాను. ఆయన కాసేపు స్క్రీన్ వైపు, కాసేపు నా వైపు చూసి "సిస్టం హ్యాంగ్ అయిందా సార్?" అని అడిగాడు. అవునన్నాను. హ్యాంగ్ అయింది నేనని ఎలా చెప్పను?

ఆ తర్వాత రెండు నెలలు పట్టింది చెయ్యి మళ్లీ కుదురుకోవడానికి. మొదటే పద్ధతిగా వెళ్లి ఉంటే రెండు వారాల్లో తేలేది. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నా. ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లు, చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులకు డ్రాయింగులు చేసిపెట్టేవాళ్లు, కాలేజీలో ఒకటి నేర్చుకుని ఆఫీసులో ఇంకొకటి చూసి బిత్తరపోయినవాళ్లు, ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకున్నాను. నేను ఏ కంపెనీదానికి మారానో చెప్పను, అది అనవసరం. కమాండ్ల పేర్లు మాత్రం ఆటోక్యాడ్‌వే వాడతాను. ఈ పనిలో అందరికీ తెలిసిన భాష అది. అదే దారిలో నడిచే మిగతా సాఫ్ట్‌వేర్లలో కూడా వీటిలో చాలా పేర్లు పనిచేస్తాయి, కొన్ని చేయవు.

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి

కొత్త క్యాడ్ అంటే రెండు రకాలు. మొదటిది, మీరు ఇదివరకు చేసిన పనే చేస్తూ ముఖం మాత్రం మార్చుకున్నది. గీత గీతే, ఆఫ్‌సెట్ ఆఫ్‌సెటే. బొమ్మలు, మెనూలు, మౌస్ తీరు మారాయి. రెండోది, పని తీరే వేరైనది: కొలతలు, షరతులు చెబితే దాన్నిబట్టి ఆకారం కట్టుకునే త్రీడీ మోడలింగ్.

మొదటి రకంలో సాఫ్ట్‌వేర్‌ను మీ చేతికి తగ్గట్టు వంచాలి. రెండో రకంలో మీ చెయ్యే వంగాలి. నా చుట్టూ ఉన్నవాళ్ల తిప్పలన్నీ ఈ రెండూ తారుమారు చేయడం వల్ల వచ్చినవే. రిబ్బన్ బొమ్మలన్నీ బట్టీ పట్టాలని కూర్చున్నవాడూ ఉన్నాడు, త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో, ఎక్కువైన గీతలు కత్తిరించే ట్రిమ్ కమాండ్‌తో కుస్తీ పట్టినవాడూ ఉన్నాడు. రెండోవాణ్ణి నేనే.

మొదటి పని: నడుస్తున్న పనిలో మారకండి

నా మొదటి తప్పు ఇదే. పార్టీ పక్కన కూర్చుని ఉండగా, రేపు పర్మిషన్‌కి పెట్టాల్సిన డ్రాయింగ్ మీద కొత్తది మొదలుపెట్టాను. టెన్షన్‌లో ఉన్నప్పుడు ఎవరికీ ఏదీ ఎక్కదు.

పాత సాఫ్ట్‌వేర్ ఉన్న మెషిన్‌ను నెల రోజులైనా తీసేయకండి. బిల్లు కూడా వచ్చేసిన పాత ప్లాను ఒకటి తీసుకోండి. చిన్నదే, కానీ అందులో అన్నీ ఉండాలి: గోడలు, తలుపులు, మెట్లు, కొలతలు, హ్యాచ్ (గీతలతో నింపడం), టైటిల్ బ్లాక్ (పేరు, వివరాలు ఉండే గడి). రోజుకు గంట చొప్పున దాన్ని కొత్తదాంట్లో మొదటి గీత నుంచి ప్రింటు దాకా మళ్లీ గీయండి. ఫలితం ఎలా ఉండాలో మీకు ముందే తెలుసు కాబట్టి ఆలోచనంతా సాఫ్ట్‌వేర్ మీదే ఉంటుంది.

రెండో పని: చిరాకుల పుస్తకం

ఒక లాంగ్ నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. చెయ్యి ఆగిన ప్రతిసారీ ఒక లైను రాయండి. ఆగి పరిష్కారం వెతకొద్దు, రాసి ముందుకెళ్లండి. సాయంత్రం కూర్చుని ఒక్కో లైను పక్కన ఈ నాలుగింట్లో ఒక మాట రాయండి: ఎక్కడ, అడగలేదు, వేరు, తప్పు.

పాతదాంట్లో ఉన్నది ఇందులో కనబడకపోతే "ఎక్కడ". మనం చెప్పకుండానే అది ఏదో చేసేస్తుంటే "అడగలేదు". పని తీరే కొత్తదైతే "వేరు". నిజంగానే సాఫ్ట్‌వేర్ చెడిపోయి ప్రవర్తిస్తుంటే "తప్పు". నా మొదటి రోజు పేజీలో ఇరవై మూడు లైన్లు ఉన్నాయి. తిట్టుకున్నంతసేపూ అన్నీ "తప్పు" అనే అనుకున్నాను. రాసి చూస్తే ఆ మాట పక్కన పడింది ఒక్క లైనే. ఎక్కువ భాగం "అడగలేదు" కిందికే వచ్చాయి. ఇది నయం, ఎందుకంటే ఆ జాతి చిరాకు ఒక్క సెట్టింగ్‌తో పోతుంది.

మూడో పని: "ఎక్కడ" లైన్లు

ఆటోక్యాడ్ మొదటిసారి వచ్చింది 1982లో. రిబ్బన్ వచ్చింది 2009 వెర్షన్‌తో. ఆ తర్వాత కొన్నేళ్లు పాత ముఖాన్ని కూడా "క్లాసిక్" పేరుతో ఉంచారు, 2015 వెర్షన్ నుంచి తీసేశారు. అయితే తీసింది ఆ పేరునే, లోపలి సామాను అక్కడే ఉంది. ముఖ్యంగా పేర్లు టైపు చేసే కమాండ్ లైన్ అలాగే ఉంది. ఎల్ కొట్టి ఎంటర్ నొక్కితే ఇప్పటికీ లైనే. బొమ్మ దొరకలేదా, వెతక్కండి, పేరు టైపు చేయండి. ఆరోజు నేను స్ట్రెచ్ బొమ్మ కోసం వెతికాను చూశారూ, ఎస్ కొట్టి ఎంటర్ నొక్కి ఉంటే చాలు.

పాత మెనూలు కావాలంటే "మెనూబార్" అని కొట్టి విలువ 1 ఇవ్వండి. ఫైల్, ఎడిట్, డ్రా, మోడిఫై వరసగా పైన ప్రత్యక్షమవుతాయి. టూల్స్ మెనూలో టూల్‌బార్లు ఉంటాయి, కావలసినవి తెచ్చుకోండి. రిబ్బన్ అసలే వద్దనుకుంటే "రిబ్బన్‌క్లోజ్", మళ్లీ కావాలంటే "రిబ్బన్". అంతా అమర్చాక "డబ్ల్యూఎస్‌సేవ్"తో మీ పేరున వర్క్‌స్పేస్ దాచుకోండి, లేకపోతే ఎవరైనా ఒక్క క్లిక్‌తో చెరిపేస్తారు. కమాండ్ లైనే మాయమైతే కంట్రోల్ 9. ఉన్నట్టుండి స్క్రీన్ మీద పానెళ్లన్నీ పోతే మీ వేలు కంట్రోల్ 0 మీద పడిందన్నమాట, మళ్లీ అదే నొక్కండి. ఫైల్ తెరిచే పెట్టె రాకుండా పేరు టైపు చేయమని కింద అడుగుతుంటే "ఫైల్‌డయా" (FILEDIA) విలువ 1 చేయండి.

ఒక్క హెచ్చరిక. నేను రెండు రోజులు కూర్చుని పాత స్క్రీన్‌ను ఉన్నదున్నట్టు కట్టుకున్నాను, పద్నాలుగు టూల్‌బార్లతో. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద గీయడానికి మిగిలింది చేటంత చోటు. తర్వాత లేయర్లు, ప్రాపర్టీస్, ఆబ్జెక్ట్ స్నాప్ మూడే ఉంచి మిగతావి తీసేశాను.

నాలుగో పని: "అడగలేదు" లైన్లు

ఎక్కువ కోపం తెప్పించేవి ఇవే కాబట్టి కాస్త నింపాదిగా చూద్దాం.

నా ఉచ్చు సంగతి ముందు. దాని పేరు లాసో. నొక్కి, వదిలి, మళ్లీ నొక్కితే మామూలు పెట్టె వస్తుంది. నొక్కిపట్టి లాగితే లాసో వస్తుంది. నాది లాగే చెయ్యి. ఆప్షన్స్‌లో సెలెక్షన్ ట్యాబ్‌కు వెళ్లి లాసోకు అనుమతి అన్న గడిలో టిక్ తీసేస్తే చాలు. "పిక్‌ఆటో" విలువను 5 నుంచి 1కి మార్చినా అంతే.

రెండోది డైనమిక్ ఇన్‌పుట్. కర్సర్ పక్కనే చిన్న గడులు వెంట తిరుగుతూ ఉంటాయే, అది. చూపుకు ముచ్చటగా ఉంటుంది. కానీ అంకెల అర్థాన్నే మార్చేస్తుంది. ఆ 24 అంకణాల స్థలం సరిహద్దు గీస్తున్నానని అనుకోండి. మొదటి బిందువు 0,0. రెండోది 24',0. బాగానే వచ్చింది. మూడోది పాత అలవాటు ప్రకారం 24',36' అని కొట్టాను. గీత నిటారుగా పైకి పోవాల్సింది, కుడివైపు ఏటవాలుగా పక్క స్థలంలోకి దూసుకుపోయింది. ఎందుకంటే డైనమిక్ ఇన్‌పుట్ ఉన్నప్పుడు రెండో బిందువు నుంచి మనం ఇచ్చే అంకెలను "ఇక్కడి నుంచి ఇంత" అని చదువుకుంటుంది. 24 మీద ఇంకో 24 కలిసి గీత 48 అడుగుల దగ్గర తేలింది. పాత పద్ధతిలో "ఇక్కడి నుంచి" అని చెప్పాలంటే ముందు @ పెట్టేవాళ్లం. ఇక్కడ అది చెప్పకపోయినా ఉన్నట్టే. మూలం నుంచి కొలవాలంటేనే ముందు # పెట్టాలి.

ఎఫ్12 నొక్కితే ఆగిపోతుంది. నేను మొదటి నెల ఆపేసే ఉంచాను. ఇప్పుడు తిరిగి పెట్టుకున్నా, ఎందుకంటే గోడ తర్వాత గోడ గీసేటప్పుడు "ఇక్కడి నుంచి ఇంత" అన్నదే సహజం, @ కొట్టే పని తప్పింది. చిరాకు పెట్టిన ప్రతిదాన్నీ శాశ్వతంగా ఆపేయనక్కర్లేదు, కొన్నిటికి వాయిదా చాలు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గీత మీదికి కర్సర్ పోగానే మెరవడం వద్దంటే "సెలెక్షన్‌ప్రివ్యూ" 0. ఎంచుకున్న గీత చుట్టూ నీలం కాంతి వద్దు, పాతకాలపు చుక్కల గీతే కావాలంటే "సెలెక్షన్‌ఎఫెక్ట్" 0. మూలన తిరిగే ఘనం బొమ్మ ప్లాన్లు గీసేవాడికి దండగ, "నావ్‌వీక్యూబ్" (NAVVCUBE) కొట్టి ఆఫ్ అనండి. జూమ్ చేస్తే సినిమాలోలాగా జారుతూ పోవడం "వీటీఎనేబుల్" 0తో ఆగుతుంది, పాత కంప్యూటర్లకు ఇది ఊరట. తెరవగానే వచ్చే స్టార్ట్ పేజీ "స్టార్ట్‌మోడ్" 0తో పోతుంది. కుడి క్లిక్ చేస్తే మెనూ రాకుండా ఎంటర్‌లా పనిచేయాలని కోరుకునే పాతకాపులు "షార్ట్‌కట్‌మెనూ" 0 పెట్టుకోండి. నాలాంటివాళ్లకు సగం ప్రాణం లేచొచ్చేది దీనితోనే.

ఐదో పని: పొట్టి పేర్లు, కానీ మితంగా

సీ కొడితే సర్కిల్ వస్తుంది, కాపీకి సీ, ఓ రెండూ కొట్టాలి. రోజంతా కాపీ చేసేవాడికి ఇది తిరకాసుగా అనిపిస్తుంది. ఎక్స్‌ప్రెస్ టూల్స్ ఉంటే "అలియాస్‌ఎడిట్" అన్న కమాండ్‌తో పొట్టి పేర్లను మార్చుకోవచ్చు. లేదంటే ఆ పొట్టి పేర్లు ఉండే పీజీపీ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చి, "రీఇనిట్" (REINIT) కొడితే మళ్లీ తెరవకుండానే అమల్లోకి వస్తుంది.

పదికి మించి మార్చకండి. మా ఆఫీసు కుర్రాడు ఒకడు అరవై మార్చుకున్నాడు. వాడి మెషిన్ మీద ఇంకెవరూ పనిచేయలేరు, వాడు ఇంకెవరి మెషిన్ మీదా చేయలేడు. "ఏందన్నా, మీ సిస్టంలో కీబోర్డు పనిచేయలేదే" అంటాడు నా దగ్గరికొచ్చి.

ఆరో పని: యూనిట్లు, ఒక 76 అడుగుల తలుపు

ఇది చిరాకు కాదు, ప్రమాదం. పైగా మన దగ్గర మరీ ఎక్కువ. స్థలం అంకణాల్లో కొంటారు, మేస్త్రితో అడుగులు అంగుళాల్లో మాట్లాడతాం, పర్మిషన్ డ్రాయింగ్ మీటర్లలో, గ్రిల్లు చేసేవాడు మిల్లీమీటర్లలో అడుగుతాడు.

కొత్త ఫైల్ ఏ టెంప్లేట్ మీద మొదలైందో చూడండి. ఏక్యాడ్ పేరుతో ఉన్నది అంగుళాలది, ఏక్యాడ్‌ఐసో పేరుతో ఉన్నది మిల్లీమీటర్లది. కొత్తగా వేసుకున్న సాఫ్ట్‌వేర్ రెండింట్లో దేన్ని అప్రమేయంగా ఎంచుకుందో మీరు గమనించి ఉండరు. నేనూ గమనించలేదు. అంగుళాల్లో గీసిన ఇంట్లోకి, మిల్లీమీటర్లలో గీసిన మూడడుగుల తలుపు బ్లాక్‌ను, అంటే ముందే గీసిపెట్టుకున్న తలుపు బొమ్మను, ఇన్సర్ట్ చేశాను. ఆ ఫైల్‌కు యూనిట్ ఏదో నేను చెప్పి పెట్టలేదు. మూడడుగులంటే 914.4 మిల్లీమీటర్లు. ఆ 914.4ను అది అంగుళాలనుకుంది. పన్నెండుతో భాగించి చూడండి: 76 అడుగుల 2.4 అంగుళాలు. ముప్పై ఆరడుగుల లోతున్న స్థలంలో డెబ్బై ఆరడుగుల తలుపు! అప్పుడే లోపలికొచ్చిన మేస్త్రి స్క్రీన్ చూసి, "గోపురానికి పెట్టేది గానీ ఉండాదా సార్ ఇది?" అన్నాడు.

ఇలా చేయండి. "యూనిట్స్" కమాండ్ తెరవండి. పైన పొడవు రకం ఆర్కిటెక్చరల్ పెడితే అడుగులు, అంగుళాలుగా చూపిస్తుంది. కానీ అది చూపించే తీరు మాత్రమే. అదే పెట్టెలో కింద, లోపలికి తెచ్చే వస్తువుల కొలమానం అని ఒక గడి ఉంటుంది. అసలు సంగతి అక్కడుంది. మీ డ్రాయింగ్‌లోనూ, ప్రతి బ్లాక్ ఫైల్‌లోనూ ఆ గడి సరిగ్గా నింపితే మిల్లీమీటర్ల తలుపు అంగుళాల ఇంట్లోకి తనంతట తానే సరైన సైజులో వస్తుంది. రెండింట్లో ఏది ఖాళీగా ఉన్నా ఊహించుకుంటుంది. దాని ఊహ మన గోడలకు సరిపోదు.

తేల్చుకోవడానికి "డిస్ట్" కొట్టి మీకు బాగా తెలిసిన కొలత ఒకటి కొలవండి. బయటి గోడ మందం 9 అంగుళాలు రావాలి. 228.6 వస్తే మీరు మిల్లీమీటర్లలో ఉన్నట్టు. 0.2286 వస్తే మీటర్లలో. నేను ఇప్పుడు ఏ ఫైల్ తెరిచినా మొదట గోడ మందమే కొలుస్తాను.

ఏడో పని: ఇచ్చిపుచ్చుకునే ఫైళ్లు

స్ట్రక్చరల్ ఇంజనీర్ చిత్తూరులో ఉంటారు, ఆయన దగ్గర పాత వెర్షన్. మీరు కొత్తదాంట్లో సేవ్ చేసి పంపితే ఆయనకు తెరుచుకోదు. ఆప్షన్స్‌లో ఓపెన్ అండ్ సేవ్ ట్యాబ్‌లో, ఎప్పుడూ పాత ఫార్మాట్‌లోనే సేవ్ అయ్యేలా ఒక్కసారి పెట్టేయండి. 2010 ఫార్మాట్ చాలామందికి నడుస్తుంది. వచ్చిన ఫైల్ ఏ కాలానిదో తెలియకపోతే ఒక కిటుకుంది: డీడబ్ల్యూజీ ఫైల్ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్) కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి అక్షరాలే, కానీ మొట్టమొదటి ఆరు మాత్రం చదవగలిగేలా ఉంటాయి. ఏసీ1021 అంటే 2007 ఫార్మాట్, ఏసీ1024 అంటే 2010, ఏసీ1027 అంటే 2013, ఏసీ1032 అంటే 2018. చూసి మూసేయండి, సేవ్ చేయకండి.

తెలుగు అక్షరాలది ఇంకో తంటా. పాత టైటిల్ బ్లాకుల్లో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు, ఆ ఫాంట్ లేని మెషిన్‌లో గుర్తులూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిసిన గందరగోళంగా కనబడుతుంది. సాఫ్ట్‌వేర్‌ను తిట్టి లాభం లేదు, ఆ అక్షరాలు యూనికోడ్‌వి కావు. ఓపిక చేసుకుని టైటిల్ బ్లాక్‌ను ఒక్కసారి యూనికోడ్‌లో కొట్టండి, టెక్స్ట్ స్టైల్‌లో నిర్మలా యూఐ గానీ గౌతమి గానీ పెట్టండి. ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్ ఉన్న స్టైల్‌లో తెలుగు రాదు, ప్రశ్నార్థకాలే వస్తాయి.

ప్రింటులో గీతలన్నీ ఒకే మందంతో వస్తే గీతల మందాలు రాసి ఉండే మీ పాత సీటీబీ ఫైల్ కొత్త మెషిన్‌లోకి రాలేదన్నమాట. పాతదాంట్లో "స్టైల్స్‌మేనేజర్" కొడితే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అక్కణ్ణించి కాపీ చేసి కొత్తదాని ఫోల్డర్‌లో వేయండి. ప్లాటర్ షాపుకు డ్రాయింగ్ ఫైల్ కాకుండా పీడీఎఫ్ తీసుకెళ్లండి, సగం వాదనలు తప్పుతాయి.

ఎనిమిదో పని: "వేరు" లైన్లు, చెయ్యి వంచాల్సిన చోటు

ఇక రెండో రకం. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. తోతాపురి కోత మొదలయ్యేలోపు కన్వేయర్లు, ఫ్రేములు బాగుచేసుకోవాలి కాబట్టి ఎండాకాలం ముందు ఫ్యాబ్రికేషన్ షాపులకు ఊపిరాడదు. అలాంటి షాపు నడిపే బావమరిది ఒక బ్రాకెట్ ప్లేటు డ్రాయింగ్ అడిగాడు. "బావా, సైజులు మారతా ఉంటాయి, మార్చినప్పుడల్లా కొత్తగా గీయకుండా ఉండేలా చెయ్" అన్నాడు. అలా ఫ్రీక్యాడ్ పట్టుకున్నాను. అది ఉచితం, ఓపెన్ సోర్స్. మొదట బయటికొచ్చింది 2002లో. 1.0 అన్న అంకె చేరడానికి 2024 నవంబర్ దాకా పట్టింది.

తెరిచాక చేయాల్సినవి రెండు. కుడివైపు కింద మూలన మౌస్ తీరు మార్చే చోటుంది. మీకు అలవాటైనదానికి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. అది మార్చకుండా త్రీడీలో తిరగబోతే తల తిరుగుతుంది. తర్వాత ప్రిఫరెన్సెస్‌లో యూనిట్లు. ఆపైన పార్ట్ డిజైన్ అన్న వర్క్‌బెంచ్‌లోకి, అంటే ఒక రకం పనికి కావలసిన పనిముట్లు ఉండే చోటుకు, వెళ్లండి. మిగతా వర్క్‌బెంచీల జోలికి మొదటి వారం పోవద్దు, కొత్తవాళ్లు దారి తప్పేది అక్కడే.

ప్లేటు 100 మిల్లీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 8 మందం. నాలుగు మూలలా 12 మిల్లీమీటర్ల రంధ్రాలు. నేను నా పాత చేత్తో మొదలుపెట్టాను: కచ్చితమైన పొడవుతో గీతలు గీసి, ఎక్కువైనవి ట్రిమ్ చేసి, చూడ్డానికి పక్కాగా ఉన్న దీర్ఘచతురస్రం చేశాను. ఒక మూల పట్టుకుని కొంచెం కదిపితే మొత్తం కుప్పకూలింది. ఇక్కడ గీసినది లెక్కలోకి రాదు, చెప్పినది మాత్రమే వస్తుంది.

అందుకని ఇలా. బేస్ ప్లేన్ మీద స్కెచ్ తెరిచి ఎడాపెడా ఒక దీర్ఘచతురస్రం పడేయండి, సైజు గురించి పట్టించుకోవద్దు. పక్కన ప్యానెల్‌లో ఇంకా నాలుగు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మిగిలాయని చూపిస్తుంది. అంటే ఈ ఆకారం గురించి నాకు ఇంకా నాలుగు సంగతులు తెలియవు అని అది అడుగుతోందన్నమాట. ఎంత పొడవు, ఎంత వెడల్పు, అడ్డంగా ఎక్కడ, నిలువుగా ఎక్కడ. ఎదురెదురు మూలలు రెండూ, మధ్యలో మూలబిందువూ ఎంచుకుని సిమెట్రిక్ అనండి. ఎక్కడ అన్న ప్రశ్నలు రెండూ తీరిపోయాయి. పొడవు 100 ఇవ్వండి, మూడోది తీరింది. వెడల్పు 60 ఇవ్వండి. స్కెచ్ ఆకుపచ్చగా మారుతుంది. ఆ పచ్చదనం కనబడేదాకా అక్కణ్ణించి కదలొద్దు.

రంధ్రాలకూ అంతే. ఒక్కో వృత్తానికి మూడు ప్రశ్నలు: వ్యాసం, అడ్డం, నిలువు. నాలుగింటికీ పన్నెండు. ఒకదానికి 12 అని ఇచ్చి మిగతా మూడూ దానికి సమానం అంటే నాలుగు తీరతాయి. మొదటిదాని చోటు చెప్పి, మిగతావి అక్షాలకు ఇటూ అటూ సిమెట్రిక్ అంటే మిగిలిన ఎనిమిదీ పోతాయి. పచ్చబడ్డాక మూసి, స్కెచ్‌కు మందం ఇచ్చే ప్యాడ్ నొక్కి 8 ఇవ్వండి.

ఇక్కడ నేను చేసిన రెండో పొరపాటు. రంధ్రం చోటును ప్లేటు నడిమధ్య నుంచి 35 అని ఇచ్చాను. అంచు నుంచి 15 వచ్చింది, బాగానే ఉంది. వారం తర్వాత బావమరిది పొడవు 120 చేయమన్నాడు. అంకె మార్చాను, ప్లేటు పెరిగింది, రంధ్రాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అంచు నుంచి దూరం 25 అయిపోయింది. ఫ్రేముకు కూర్చోదు. షాపులో ఎవరూ నడిమధ్య నుంచి కొలవరు, టేపు అంచుకే తగిలిస్తారు. కొలత కూడా అంచు నుంచే ఇచ్చి ఉంటే రంధ్రాలు దానివెంటే జరిగేవి. అప్పట్నుంచి కొలత పెట్టేముందు, షాపులో టేపు ఎక్కడ పెడతారని ఫోన్ చేసి అడుగుతున్నాను.

ఇంకొక్క అలవాటు. కొత్త స్కెచ్‌ను ముందు చేసిన ముక్క ముఖం మీద కాకుండా వీలైనంతవరకు బేస్ ప్లేన్ల మీదే పెట్టండి. సాఫ్ట్‌వేర్ ప్రతి ముఖానికీ లోపల ఒక నంబరు వేసుకుంటుంది. వెనక్కి వెళ్లి ముందరి దశలో ఏదైనా మారిస్తే ఆ నంబర్లు కలగాపులగమై, మీ రంధ్రం వేరే ముఖానికి అతుక్కునే అవకాశం ఉంది. 1.0లో దీన్ని చాలావరకు తగ్గించారు, అయినా అలవాటు మంచిది. డీడబ్ల్యూజీ ఫైళ్లు ఇందులో తెరవాలంటే వేరే కన్వర్టర్ వేసుకోవాలి. డీఎక్స్ఎఫ్‌గా (చాలా సాఫ్ట్‌వేర్లు చదవగలిగే డ్రాయింగ్ ఫైల్) తెచ్చుకోవడం సులువు.

ఒక మాట అడక్కుండానే చెబుతున్నా: 24 అంకణాల ఇంటి ప్లానుకు ఇదంతా అక్కర్లేదు. దానికి రెండు కొలతల సాఫ్ట్‌వేరే మేలు. డబ్బు ఖర్చు వద్దంటే లిబ్రేక్యాడ్ ఉంది, డీఎక్స్ఎఫ్‌లో పని నడిచిపోతుంది.

తొమ్మిదో పని: నిజంగా "తప్పు" అయినవి

కర్సర్ నత్తలా నడుస్తుంటే "గ్రాఫిక్స్‌కాన్ఫిగ్" తెరిచి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఒకసారి ఆపి చూడండి. ఆపితే బాగైందంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పాతబడిందన్నమాట. డ్రైవర్ కొత్తది వేసి మళ్లీ ఆన్ చేయండి. ఒకే ఫైల్ మొండికేస్తుంటే "ఆడిట్", "పర్జ్" నడపండి. తెరుచుకోకపోతే "రికవర్". ఒకదాని మీద ఒకటి పడుకున్న గీతలు తీసేయడానికి "ఓవర్‌కిల్". కరెంటు పోయి పని పోతే "డ్రాయింగ్‌రికవరీ" చూడండి. "సేవ్‌టైమ్" 5 నిమిషాలకు పెట్టుకోండి, యూపీఎస్ ఉన్నా సరే.

ఇవన్నీ అయ్యాక కూడా తప్పు తప్పుగానే ఉంటే తయారుచేసినవాళ్లకు రాయండి. "మీది చెత్త సాఫ్ట్‌వేర్" అని రాస్తే చదివేవాడు ఏం చేయగలడు? వెర్షన్ నంబరు, విండోస్ ఏది, గ్రాఫిక్స్ కార్డ్ ఏది, వరసగా ఏమేం నొక్కితే అది జరిగింది, ఏం రావాలనుకున్నారు, ఏం వచ్చింది, ఈ ఆరూ రాసి, అదే తప్పు చూపించే అతి చిన్న ఫైల్ ఒకటి జతచేయండి. పంపే ముందు టైటిల్ బ్లాక్‌లో పార్టీ పేరు, సర్వే నంబరు, ఫోన్ నంబరు తీసేయడం మర్చిపోకండి. ఫ్రీక్యాడ్‌కైతే తప్పుల పట్టిక అందరికీ కనబడేలా గిట్‌హబ్‌లో ఉంది. అదే చిక్కు ఇంకెవరికైనా వచ్చిందేమో ముందు అక్కడ వెతకండి.

పదో పని: కట్టుకున్నదంతా మూటగట్టండి

ఇన్ని సెట్టింగులూ కంప్యూటర్ ఫార్మాట్ చేస్తే ఒక్క దెబ్బతో పోతాయి. ఆప్షన్స్‌లో ప్రొఫైల్స్ ట్యాబ్ నుంచి మీ ప్రొఫైల్ ఎక్స్‌పోర్ట్ చేయండి. పీజీపీ ఫైల్, సీటీబీ ఫైళ్లు, మీ టెంప్లేట్, బ్లాకుల ఫోల్డర్, అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేయండి. మెయిల్‌లో కూడా ఒక కాపీ పెట్టుకోండి. సెట్టింగులు మార్చి మార్చి మీకే అర్థం కాని స్థితికి వస్తే భయపడొద్దు. విండోస్ స్టార్ట్ మెనూలో ఆ సాఫ్ట్‌వేర్ పేరు కింద, సెట్టింగులను మొదటి స్థితికి తెచ్చే మాట ఒకటుంటుంది. అది నొక్కి, మీ ప్రొఫైల్ మళ్లీ ఇంపోర్ట్ చేసుకోండి.

నా పుస్తకంలో కొట్టేయని లైన్లు ఇంకా రెండున్నాయి. ఒకటి హ్యాచ్ గురించి, ఇంకోటి కొలతల బాణాల గురించి. సంక్రాంతి సెలవుల్లో చూస్తాను. తలుపు బ్లాక్ మాత్రం యూనిట్ సరిచేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఆఫీసు కుర్రాడు దాని పేరు మార్చేశాడు: "గోపురానికి కాదు, ఇంటికి."